పడవ ఒడ్డెక్కాక పాడే వరస

చెన్నై
ఏప్రిల్ 19, 2025

కుసుమా,

నవంబరు తర్వాత నేను రాయలేదు. నువ్వూ రాయలేదు. తప్పు నాదే అనుకుందాం. మొన్న రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తగానే "ఉత్తరం రాయి, ఫోన్ పెట్టేయ్" అన్నావు. ఒక రకంగా మేలే అయింది. ఫోన్‌లో నా పేరు చెప్పడానికే నాకు అర నిమిషం పడుతుంది. కాగితం మీద నాకు నత్తి లేదు.

ఇక్కడ నా పని చెప్తాను. పిల్లల కోసం రాకుమారి కథ ఒకటి సినిమా తీస్తున్నారు. సముద్రం అడుగున ఒక రాకాసి ఉంటాడు. వెయ్యేళ్లుగా వాడికి నిద్ర లేదు. అందుకే అలలు ఆగవు, పోయిన పడవలు తిరిగి రావు. రాకుమారి వాడికి జోల పాడాలి. పాట పూర్తయితే రాకాసి నిద్రపోతాడు, మింగిన పడవలన్నీ ఒక్కొక్కటే పైకి తేలతాయి. సినిమాలో మాటలు తక్కువ. కథంతా వాద్యాలే చెప్పాలి. నలభై రెండు మంది వాయిస్తారు. సంగీత దర్శకుడు జగన్నాధం గారు, మన బొబ్బిలి మనిషే. ఆయన రాసినది ఒక్కో వాద్యానికి విడివిడిగా కాగితాల మీదికి దించడం నా ఉద్యోగం. కాన్వెంటులో సిస్టర్ మన చేత గీయించిన, స్వరాలు రాసే ఐదు గీతలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి.

ఒకరోజు కాగితాలు సర్దుతూ మీ అమ్మ పాట పాడుకున్నాను. హాస్టల్లో నాకు జ్వరం వస్తే నువ్వు పాడేదానివే, అది. జగన్నాధం గారు వెనక నిలబడి విన్నారు. మళ్ళీ పాడమన్నారు. పాడేటప్పుడు నాకు మాట తడబడదని నీకు తెలుసు. వారం తిరిగేసరికి సినిమా మొత్తం ఆ పాట మీదే కట్టారు. మొదట బొబ్బిలి వీణ ఒక్కటే పలుకుతుంది. రాకాసి లేచినప్పుడు అదే వరసను చెల్లో అనే పెద్ద వయొలిన్లు అడుగు నుంచి తోడి పోస్తాయి. వింటే నీకు ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత ఆయన అడిగారు: "ఆఖరి వరస ఏదమ్మా?"

నాకు రాదు. నువ్వు ఎప్పుడూ అక్కడే ఆపేసేదానివి. ఒక్కసారే విన్నాను, పదో తరగతి సెలవుల్లో మీ ఇంట్లో. మీ తమ్ముడు బాబీ చేపల వేట నుంచి వచ్చాడు. మీ అమ్మ తువ్వాలుతో వాడి తల తుడుస్తూ పాడింది. సరిగ్గా అప్పుడే వాడు తల విదిల్చి నా పుస్తకం నిండా ఉప్పునీళ్లు చల్లాడు. నేను పుస్తకం తుడుచుకుంటూ పాట వదిలేశాను.

ఆ వరస రాసి పంపు. మీ అమ్మ పేరు తెర మీద వేస్తారు, జగన్నాధం గారు మాట ఇచ్చారు. ఆమెకు ఇష్టమో కాదో కూడా అడిగి రాయి.

బాబీ ఎలా ఉన్నాడు? నన్ను ఇంకా నత్తి పంతులమ్మ అనే అంటున్నాడా?

నీ అనూరాధ

•

కళింగపట్నం
ఏప్రిల్ 28

అనూ,

అమ్మను అడిగాను. "నా పేరు ఏస్తే ఎవలు సదువుతారే? నానే సదవలేను" అంది. అంటే ఇష్టమే. పాట వాడుకోండి.

ఆఖరి వరస మాత్రం పంపలేను. అది ఇంటి పడవ ఒడ్డెక్కి, తాడు కట్టాక పాడేది. పడవ నీళ్ల మీద ఉండగా మా ఇంట్లో ఎవరూ పాడరు. అమ్మమ్మ అంతే, అమ్మ అంతే. ముందే ముగిస్తే, మావాడు వచ్చేశాడు, ఇక నువ్వు చూసుకోనక్కర్లేదు అని సముద్రానికి చెప్పినట్టు. హాస్టల్లో నేను అందుకే ఆపేసేదాన్ని. అప్పట్లో నాన్న వేటకు వెళ్లేవాడు, తర్వాత బాబీ.

ఇది మూఢనమ్మకమని ఒకప్పుడు నేనే సిస్టర్‌తో చెప్పాను. ఇప్పుడు చెప్పను.

ముగింపు నువ్వే రాయి. నీకు చేతనవును.

బాబీ ఊళ్లో లేడు.

ఫోన్ చేయకు, దాంట్లో ఏమీ పంపకు. లైను ఖాళీగా ఉండాలి.

కుసుమ

•

చెన్నై
మే 6

కుసుమా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. కానీ ఒకటి అడుగుతాను. ఏప్రిల్ పదిహేను నుంచి వేట నిషేధం కదా? జూన్ పద్నాలుగు దాకా మోటారు పడవలన్నీ ఇసుకలోనే ఉంటాయి. నిషేధం రోజుల్లో మీ అమ్మ పొద్దున్నా సాయంత్రం పాట మొత్తం పాడుతుందని నువ్వే ఒకసారి రాశావు. మరి ఇప్పుడేం అడ్డు?

నా సంగతి చెప్తాను, విని నవ్వకు. పదకొండు ముగింపులు రాశాను. వయొలిన్లతో ఒకటి, సన్నాయి లాంటి ఓబో ఒక్కదానితో ఒకటి, ఏమీ లేకుండా వీణ తీగ మీద చెయ్యి తీసేసినట్టు ఒకటి. జగన్నాధం గారు అన్నీ ఓపికగా విన్నారు. "బాగుందమ్మా. కానీ ఇది నీ ముగింపు. పాట ముగింపు కాదు" అన్నారు. పదకొండుసార్లూ అదే మాట.

జూన్ పదకొండున రికార్డింగ్. అప్పటికి దొరక్కపోతే పాట మొత్తం తీసేసి తన వరస ఏదో పెడతారట. ఆయన తప్పేం లేదు. రాకాసి నిద్రపోవాలి కదా.

నాన్నగారితో నా ఒప్పందం నీకు తెలియదు. ఈ సినిమాలో నా పేరు రాకపోతే జులైకల్లా విజయనగరం వచ్చేసి మా బట్టల కొట్లో కౌంటరు దగ్గర కూర్చోవాలి. కొట్టు మంచిదే, నాన్నగారూ మంచివారే. కానీ అక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడాలి కుసుమా. "రండమ్మా, ఏం చూపించమంటారు" అనాలి. నేను "ర" దగ్గరే ఆగిపోతాను. కొనడానికి వచ్చినవాళ్లు వేరే వైపు చూస్తారు. నాకు కోపం వచ్చేది నవ్వేవాళ్ల మీద కాదు, అలా చూపు తిప్పుకునేవాళ్ల మీద.

ఇక్కడ నన్నెవరూ మాట్లాడమనరు. కాగితాలు ఇస్తాను, వాళ్లు వాయిస్తారు. నా నోట రానిదంతా నలభై రెండు మంది ఒకేసారి అంటారు.

పంపవూ?

అనూరాధ

•

కళింగపట్నం
మే 14

అనూ,

పడవలన్నీ ఒడ్డున లేవు. అంతకంటే అడగకు.

అమ్మ రోజంతా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. స్నానానికి వెళ్తే గుమ్మం మీద పెట్టి వెళ్తుంది. ఫోన్ కంపెనీ వాళ్ల మెసేజీ వచ్చినా నొక్కి చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఎదురింటి ఎల్లాజీ మావ నిన్న "ఏటొదినా, ఢిల్లీ నుంచి ఫోనొస్తాదేటి?" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. అమ్మ "నోర్ముయ్‌రా, లైను మీద మాటాడకు" అంది.

మీ కథలో రాకుమారి సగం పాడి ఊరుకుంటే ఏమవుతుంది? రాకాసి మేలుకునే ఉంటాడు. మేలుకుని ఉన్నంతసేపూ వింటూ ఉంటాడు. అదేమంత చెడ్డ ముగింపు?

కుసుమ

•

చెన్నై
మే 22

కుసుమా,

ఒక్క వరస. అరనిమిషం కూడా ఉండదు. దాని మీద నా బతుకు ఆగిపోయిందని చెప్తుంటే నువ్వు నాకు రాకాసి కథ చెప్తున్నావు.

ఎనిమిదో తరగతిలో నా బదులు నువ్వు ప్రార్థన చదివేదానివి. లెక్కల మేడమ్ అడిగితే నా జవాబు నువ్వు చెప్పేదానివి. ఇప్పుడు నీ నోరు ఏమైంది? పంపనని చెప్పడానికి ఇంత చిన్న ఉత్తరాలు రాస్తున్నావు, ఎందుకో ఒక్కదాంట్లోనూ లేదు. సముద్రం పేరు చెప్పి నువ్వు ఏదో దాచుకుంటున్నావు. నాకు మంచి జరగడం నీకు ఇష్టం లేదేమో.

ఈ మాట కొట్టేద్దామని కలం పెట్టాను. కొట్టేయలేదు. ఇరవై రోజులే ఉన్నాయి. రాత్రులు నిద్ర పట్టడం లేదు. అన్నం దగ్గర కూర్చుంటే వేళ్లు పళ్లెం మీద పాట ఆగిన చోటుకే పోతున్నాయి.

బాబీ అడ్రసు ఇవ్వు. వాడినే అడుగుతాను. వాడు ఇస్తాడు.

అనూరాధ

•

కళింగపట్నం
మే 30

అనూ,

బాబీని అడగక్కర్లేదు. ఇదుగో.

గ మ రి గ, రి స ని స.

రెండో "గ" కొంచెం కిందికి జారుతుంది, ఎక్కడం మానుకున్నట్టు. చివరి "స" దగ్గర ఎంతసేపైనా ఉండొచ్చు. ఊపిరి ఉన్నంతసేపు. మాటలు రాయను, నీకు అక్కర్లేదు.

రాయడం పాడడం కాదు. పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను, ఇంట్లో కాదు.

ఒకే మాట. వాయించినది నాకు పంపకు. మా ఇంటి వైపు రానీయకు. సినిమా వచ్చినా మేం చూడం. ప్రమాణం చేయమని అడగను, నీకు మాట ఒకటి చాలు.

కుసుమ

•

చెన్నై
జూన్ 12

కుసుమా, నా బంగారు కుసుమా,

అయిపోయింది. నిన్న రికార్డింగ్ అయింది.

నీ వరస చూపించగానే జగన్నాధం గారు కళ్లజోడు తీసి కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు. "ఇదమ్మా" అన్నారు. అంతే. రాత్రికి రాత్రి నలభై రెండు కాగితాలు రాశాను.

మొదట ఓబో ఒక్కటే అందుకుంది. జారే "గ" దగ్గర వయొలిన్లు దాని కింద చేతులు పట్టినట్టు వచ్చాయి. చివరి "స" దగ్గర జగన్నాధం గారు వాద్యాలను నడిపించే కర్ర దించలేదు. ఊపిరి ఉన్నంతసేపు అని నువ్వు రాసింది వాళ్లకు చదివి వినిపించాను. అవును, నేనే చదివాను, అంతమంది ముందు. "ఊ" దగ్గర ఆగాను. ఎవరూ చూపు తిప్పుకోలేదు. అందరూ ఊపిరి సరిపోయినంతసేపు పట్టారు. తెర మీద పడవలు ఒక్కొక్కటే తేలుతున్నాయి.

నా పేరు వస్తుంది. మీ అమ్మ పేరు నా పేరుకు పైన వస్తుంది. నాన్నగారికి చెప్పాను.

ఇప్పుడు తిట్టు. నీ మాట తప్పాను. ఇవాళ సాయంత్రం మూడున్నరకు నీ ఫోన్‌కు ఆ పాట పంపాను. నువ్వు ఇచ్చినది ఎంత అందంగా అయిందో నువ్వు వినకుండా ఉండటం నాకు అన్యాయం అనిపించింది. ఐదు నిమిషాల్లో వాట్సాప్‌లో రెండు నీలి టిక్కులు పడ్డాయి. అంటే విన్నావు! జవాబు లేదు. కోపమా? ఏడుస్తున్నావా? నేనైతే ఏడ్చాను.

నీ అనూ

•

కళింగపట్నం
జూన్ 18

అనూరాధా,

పన్నెండో తారీఖు బడులు తెరిచిన రోజు. నేను బడిలో నా రెండో తరగతి పిల్లల పేర్లు రాసుకుంటున్నాను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అమ్మ ఒళ్లో ఉంది.

నువ్వు పంపింది ఆమె నొక్కింది. తన పాట, తనకు తెలియని వాద్యాల మీద. చివరిదాకా వింది.

మిగతాది ఎల్లాజీ మావ చెప్పాడు. నిషేధం అయిపోవస్తోందని అందరూ ఒడ్డున పడవలకు రంగులు వేస్తున్నారు. అమ్మ చెప్పులు లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చింది, చేతిలో తువ్వాలు. "ఏటొదినా, పరుగు పందేనికేటి?" అన్నాడట మావ. "మా గుంటడొచ్చీసినాడ్రా! పాట అయిపోనాది, నాను ఇన్నాను. పడవేదిరా?" అందట. కుంచెలు పట్టుకున్నవాళ్లు అలాగే నిలబడిపోయారు. ఆమె ఒక్కో పడవ ముక్కు దగ్గరికీ వెళ్లి చూసింది. వరసలో ఆఖరి పడవ అయ్యాక వంశధార సముద్రంలో కలిసే మొగ దాకా నడిచింది. నేను వెళ్లేసరికి మోకాలి లోతు నీళ్లలో ఉంది. "ఎక్కడ దిగినాడో సూడే కుసుమా. బేగి తల తుడవకపోతే జలుబు సేస్తాది" అంది.

ఇప్పుడు చెప్తాను.

డిసెంబరు తొమ్మిదిన బాబీ, దగ్గర్లో వేసిన వల తీసుకొస్తానని ఒక్కడే చిన్న పడవ మీద వెళ్లాడు. గాలి తిరిగింది. వెతకడానికి ఊరి పడవలన్నీ వెళ్లాయి. మత్స్యశాఖ ఆఫీసు వాళ్లు, ఏదైనా తెలిస్తే ఈ నంబరుకు చేస్తామన్నారు. అందుకే లైను.

ఫిబ్రవరిలో ఒడిశా వైపు నుంచి వచ్చినవాళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవ ఫైబర్ ముక్క ఒకటి తెచ్చి నాకు ఇచ్చారు. నీలం మీద పసుపు అక్షరాలు. "కూర్మ" వరకు ఉంది, ఆ తర్వాత విరిగిపోయింది. పడవకు అమ్మ పేరు రాసింది నేనే. సిస్టర్ నేర్పిన గుండ్రటి అక్షరాలు. వేరే ఎవరి చేతిరాత అయినా నాకు నేను అబద్ధం చెప్పుకునేదాన్ని.

అది అమ్మకు చూపించలేదు. అటక మీద మన పాత నోటుపుస్తకాల వెనక పెట్టాను.

దాచుకుంటున్నావని రాశావు. దాచుకున్నాను. ఇంకొకటి కూడా. ఆ వరస నీ కోసం పంపలేదు. ఎక్కడో ఒకచోట, మాకు వినపడనంత దూరంలో, ఎవరో ఒకరు వాడికి ఆ వరస పాడాలి. నాకు నోరు రాలేదు. నలభై రెండు మంది అన్నావు. సరిపోతారనుకున్నాను.

నీ మీద కోపం లేదని రాయలేను. ఒక్క మాట అడిగాను నిన్ను.

అమ్మ ఆరు రోజులుగా ఇసుకలోనే ఉంది. మొన్న పద్నాలుగు దాటాక పడవలన్నీ వేటకు వెళ్లిపోయాయి. ఆ ఖాళీ ఒడ్డున ఒక్కతే. అన్నం తీసుకెళ్తే "ఆడొచ్చినాక తింతాను" అంటుంది. రాలేదమ్మా అంటే, "పాట అబద్ధమాడుతాదేటే?" అని నన్నే అడుగుతోంది.

ఏం చెప్పను?

కుసుమ

•

విజయనగరం
జూన్ 25

కుసుమా,

క్షమించమని రాస్తే ఆ మాట నీ ముందు ఎంత చిన్నగా ఉంటుందో తెలుసు. రాయడం లేదు.

నీ ఉత్తరం అందిన రోజే జగన్నాధం గారి దగ్గరికి వెళ్లాను. అంతా చెప్పడానికి పావుగంట పట్టింది. ఆయన ఒక్క మాటా అందివ్వలేదు, ఆగారు. ఆ వరస తీసేయమని అడిగాను. చేతిలో కర్ర పక్కన పెట్టారు. "తీసేస్తే రాకాసి నిద్రపోడు. చూసే పిల్లలు హాల్లోంచి ఇంటికి ఎలా వెళ్తారమ్మా?" అన్నారు. ఆ భాగం ఇప్పటికే బొమ్మతో కలిపేశారు కూడా.

నేను లేచి వచ్చేస్తుంటే పిలిచారు. చివర్లో పేర్లు పడేటప్పుడు రెండు నిమిషాలు ఖాళీ ఉందట. దానికి జులై పద్నాలుగున గంటసేపు వాద్యాలన్నీ ఉంటాయి. "ఆ రెండు నిమిషాలూ నీవి. ఆ తల్లికి ఏది కావాలో అది వాయిద్దాం" అన్నారు.

ఏది కావాలో నాకు తెలియదు. అడగడానికి నిన్న బయల్దేరాను. ఇంట్లో బ్యాగు పడేసి శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సు దాకా వచ్చాను. కళింగపట్నం బస్సు నా ముందే నిలబడింది. కండక్టరు "ఎక్కమ్మా, ఎక్కడికి?" అన్నాడు. ఊరి పేరు నోట రాలేదు. అది నత్తి కాదు. నీళ్లలో నిలబడ్డ మీ అమ్మ నా వైపు తిరిగి, నా గుంటడేడీ అని అడిగితే ఏం చెప్పాలో తెలియక. బస్సు వెళ్లిపోయింది. తిరిగి విజయనగరం వచ్చేశాను.

నేను పిరికిదాన్ని. నువ్వు చెప్పు. ఏం వాయించను?

అనూరాధ

•

కళింగపట్నం
జులై 3

అనూ,

నీ ఉత్తరం ఒడ్డున కూర్చుని అమ్మకు చదివాను, ఫైబర్ ముక్క గురించి నువ్వు ఏమీ రాయనందుకు మనసులో నీకు దండం పెట్టుకుంటూ. కింద ఉన్నది ఆమె మాట. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఓలె అనూరాదా, నాను కూర్మమ్మని. నీ మీద నాకేటీ కోపం నేదు. పాట బాగున్నాది. అన్ని పిడేళ్లు ఒక్కపాలే ఏడిసినట్టున్నాది. గాని తొందరడిపోనావే. గుంటడు రాకముందే ముగించీసినావు.

నా మాటిను. మా అమ్మ ఓపాలి ఇలగే సేసింది. వేరేవోల పడవ సూసి మా అయ్యదే అనుకోని ముగించీసింది. మా పెద్దమ్మ తిట్టి, ఏడుస్తావేటే, మల్లీ మొదలెట్టీ, ఆకరి వరస కాడ ఆపీ అంది. మల్లీ మొదలెడితే ముగించింది సెల్లదు. మా అయ్య మూడోనాడొచ్చినాడు.

నాను మొదలెడదామంటే గొంతు నేదు, ఒడ్డున అరిసరిసి పోనాది. కుసుమని పాడమంటే తల దించుకుంటాది. ముగించినోలే మొదలెట్టాల. ఆ నలబై ఇద్దర్నీ పిలు. మొదట్నుంచి పట్టండి. ఆకరి వరస కాడ ఆపీండి. ఆడొచ్చీదాకా దాన్ని ముట్టుకోకు. బస్సెక్కనేదని సిగ్గుపడకు. ఆడొచ్చినాక వద్దువుగాని, నత్తి పంతులమ్మా అని ఆడే పిలుస్తాడు.

తువ్వాలు ఉతికి ఆరేసినాను.

ఆమెది ఇంతే. ఇది నా చేత రెండుసార్లు చదివించుకుని, లేచి ఇసుక దులుపుకుని ఇంటికి నడిచింది. ఇరవై రోజుల తర్వాత ఇవాళ కంచం ముందు కూర్చుని అన్నం తింది. ఫోన్ మళ్ళీ ఒళ్లో పెట్టుకుంది. పద్నాలుగున వాయించినది ఆ ఫోన్‌కే పంపు. ఈసారి నేనే అడుగుతున్నాను.

ముక్క పుస్తకాల వెనకే ఉంది. ఏదో ఒకరోజు దించాలి. ఆ రోజు ఇది కాదు.

ఆమె చెప్పిన చోటే ఆపు. జాలిపడి ఒక్క స్వరం కూడా ముందుకు పోనీయకు. అక్కడి నుంచి పాడడం నాకు వచ్చు.

కుసుమ